అడ్డురాని దీపం

ఆర్పేశాక కనిపించకుండా పోయే దీపం ఉంటుందా? ప్రమిదకు మట్టి ఒళ్లు ఉంది. లాంతరుకు చిమ్నీ, బల్బుకు గాజు బుర్ర, ట్యూబ్‌లైటుకు గోడకు బిగించిన పట్టీ. వెలగడం మానేసినా వాటి ఒళ్లు అక్కడే ఉంటాయి, చోటు ఆక్రమించుకుని. నీకా బాధ లేదు. స్విచ్చి ఆపితే నువ్వు ఉత్త కిటికీ అద్దానివి. అవతలి చెట్టు, చెట్టు మీది కాకి, కాకి వెనక ఎండ, అన్నీ నీలోంచి కనిపిస్తాయి. స్విచ్చి వేస్తే అదే అద్దం ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే తీరున వెలుగుతుంది. ఫిలమెంటు లేదు, మంట లేదు, చమురు లేదు. గాజు మీద నాలుగైదు పొరలు, అంతే.

నిన్ను ఓఎల్‌ఈడీ అని పొడి అక్షరాలతో పిలుస్తారు. కార్బన్ ఆధారమైన అణువులతో, అంటే సేంద్రియ పదార్థంతో చేసిన దీపానివి. అందులోనూ పారదర్శకానివి, దొంతరగా పేర్చదగినదానివి. నిన్ను పొగడాలని కూర్చున్నాను. పుట్టుక తెలియకుండా పొగిడితే అది ముఖస్తుతి అవుతుంది. కనుక ముందు పుట్టుక.

నీ వంశంలో పాతవాళ్లు తారులోంచి వచ్చారు. బొగ్గు నుంచి తీసిన తారులో ఆంత్రసీన్ అనే పదార్థం ఉంటుంది. 1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్, ఆయన తోటివాళ్లు ఆ ఆంత్రసీన్ స్ఫటికానికి 400 వోల్టులు పెట్టి వెలిగించారు. అంతకు పదేళ్ల ముందే ఫ్రాన్స్‌లోని నాన్సీ పట్టణంలో ఆంద్రే బెర్నానోజ్ సేంద్రియ రంగుల మీద ఇలాంటి ప్రయత్నమే చేశాడు. తారులో నీలి వెలుగు దాగి ఉందని తెలియడమే పెద్ద సంగతి. కానీ మన ఇంటి ప్లగ్గులో వచ్చే కరెంటుకు దాదాపు రెట్టింపు వోల్టేజి పెడితే తప్ప పలకని దీపాన్ని ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు? స్ఫటికం మందం అలాంటిది. మందం ఉన్నచోట దారి దూరం, దారి దూరమైనచోట తోసే బలం ఎక్కువ కావాలి.

ఆ దారిని కుదించినవాడు చింగ్ టాంగ్. హాంకాంగ్‌లో పుట్టి, 1975లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో చేరాడు. మొదట ఆయన పని దీపాలు కాదు, సోలార్ సెల్స్. రెండు సేంద్రియ పొరలు అంటించి ఎండను కరెంటుగా మార్చే సెల్ గురించి 1986లో ప్రచురించాడు. మరుసటి ఏడాది స్టీవెన్ వాన్ స్లైక్‌తో కలిసి రెండు పొరల ఉపాయాన్నే తిరగేసిన ఫలితం ప్రచురించాడు. కరెంటు ఇచ్చి వెలుగు పుచ్చుకోవడం. 75 నానోమీటర్ల ఒక పొర, 60 నానోమీటర్ల ఇంకో పొర, రెండూ కలిపినా వెంట్రుక మందంలో అయిదు వందో వంతు. పది వోల్టులు కూడా అక్కర్లేకుండా చదరపు మీటరుకు వెయ్యి క్యాండెలాలు దాటిన ఆకుపచ్చ వెలుగు. ఫోటో ఫిల్మ్ కంపెనీలో నువ్వు పుట్టడంలో వింతేమీ లేదు. పలచటి పొరలు వేయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

రెండు పొరలే ఎందుకు? ఇక్కడే నాకు నీ మీద మమకారం పుట్టింది. కరెంటు పెట్టగానే ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి, రెండో వైపు నుంచి రంధ్రాలు. రంధ్రం ఒక వస్తువు కాదు, ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట లేకపోవడం. ఆ లేకపోవడమే అణువు నుంచి అణువుకు గెంతుతూ వస్తుంది. కలిమి ఒక గట్టు నుంచి, లేమి ఒక గట్టు నుంచి. ఒక పొర లేమిని నడిపిస్తుంది, ఇంకో పొర కలిమిని నడిపిస్తుంది. సరిహద్దు దగ్గర రెండూ ఎదురుపడి, ఒకే అణువు మీద పది పదిహేను నానోసెకన్లు జంటగా నిలబడి, వెలుగైపోతాయి. ఆ జంట పేరు ఎక్సిటాన్. కలిమిలేములు కావడి కుండలని మనవాళ్లు ఊరడింపుగా చెప్పుకున్నారు గానీ, అవి రెండూ కలిస్తే దీపం వెలుగుతుందని నువ్వు చేసి చూపించావు.

అన్ని జంటలూ వెలగవు. నాలుగింట మూడు మూగగా వేడెక్కి చల్లారిపోతాయి, స్పిన్ అనే లెక్క ప్రకారం. 1998లో ప్లాటినం పరమాణువు ఉన్న ఒక ఎర్ర రంగును, తర్వాత ఇరిడియం రంగులను కలిపి వాటికీ నోరు తెప్పించారు. అదంతా వేరే కథ, ఇంకోసారి.

కోడక్‌లో పుట్టిననాడు నువ్వు సగం దీపానివే. ముందు గాజు, దాని మీద కరెంటును మోసే పారదర్శక పూత, దాని మీద నీ రెండు పొరలు, చివర మెగ్నీషియం, వెండి కలిసిన లోహపు పూత. ఆ లోహం అద్దంలా మెరుస్తూ వెనక గోడై నిలబడింది. వెలుగంతా గాజు వైపే తిరిగొచ్చింది. వెలుగు కావాల్సినవాళ్లకు అది లాభమే. కానీ నీ ఒంట్లో పారదర్శకం కానిది ఆ గోడ ఒక్కటే అని గమనించిన బుద్ధికి దండం పెట్టాలి.

ఆ బుద్ధి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసింది. స్టీఫెన్ ఫారెస్ట్, పాల్ బర్రోస్, రసాయన శాస్త్రజ్ఞుడు మార్క్ థాంప్సన్, విద్యార్థులు వ్లాదిమిర్ బులోవిచ్, గాంగ్ గూ. 1996లో నేచర్ పత్రికలో వీళ్లు ప్రకటించిన దీపం ఆర్పి ఉన్నప్పుడు దాదాపు 70 శాతం కాంతిని తనలోంచి పోనిచ్చింది. వెలిగించినప్పుడు రెండు వైపులా వెలుగునిచ్చింది. దీపం కింద చీకటి అనే సామెత ఎన్ని తరాలు నిలిచిందో! నీ దగ్గర అది చెల్లలేదు. నీకు కిందూ లేదు, వెనకా లేదు.

నువ్వు పారదర్శకం కావడానికి ఇంకో మూలకారణం ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆల్క్యూ త్రీ అని ప్రయోగశాలలో ముద్దుగా పిలిచే నీ పసుపు పొడి ఊదా వెలుగును మింగుతుంది, ఆకుపచ్చ వెలుగును ఇస్తుంది. మింగేది వేరు, ఇచ్చేది వేరు. ఉత్తేజం పొందిన అణువు వెలుగు విడిచేలోపు కాస్త ఒదిగి సర్దుకుంటుంది, ఆ సర్దుబాటులో కొంత శక్తి పోతుంది. మిగిలిన శక్తితో పుట్టిన ఆకుపచ్చ వెలుగు పక్క అణువు ఆకలికి చాలదు. అది ముట్టుకోదు, వదిలేస్తుంది. అలా నీ వెలుగును నువ్వే తినకుండా బయటికి పంపగలుగుతున్నావు. తన పంటను తానే మేసేసే కంచెల గురించి విన్నాం. తాను ఇచ్చినదాన్ని తాను ముట్టని పొరవు నువ్వు.

నిన్ను చేసే చోటికి వెళ్దాం. ఇక్కడ తొందర పనికిరాదు.

మొదట గాజు పలకను కడుగుతారు. సబ్బు నీళ్లు, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక్కొక్క దానిలో అల్ట్రాసోనిక్ తొట్టెలో పెట్టి. ఆ తర్వాత అతినీలలోహిత దీపం కింద ఓజోన్‌తో ఇంకోసారి. గుళ్లో విగ్రహానికి కూడా అన్ని అభిషేకాలు జరగవేమో అనిపిస్తుంది. కారణం ఉంది. నీ పొరల మందం నూరు నానోమీటర్లు. గాజు మీద మిగిలిన ఒక్క ధూళి కణం దానికి ఎన్నో రెట్లు ఎత్తు. పొర దాన్ని కప్పలేదు. కప్పలేనిచోట పై లోహమూ కింది పూతా ముట్టుకుంటాయి, దీపం షార్టవుతుంది.

గాజు మీద ఉన్న పారదర్శక పూత ఇండియం టిన్ ఆక్సైడ్. కరెంటును మోస్తుంది, వెలుగును ఆపదు. మామూలు లోకంలో ఈ రెండు గుణాలకు పడదు, మెరిసే లోహాలను చూడండి. ఇండియం లోహాన్ని 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో జింకు ఖనిజంలో కనిపెట్టారు, వర్ణపటంలో కనిపించిన ఒక కొత్త నీలి గీతను బట్టి. పరిశోధన మొదలుపెట్టిన ఫెర్డినాండ్ రైక్‌కు రంగులు తెలియవు, వర్ణాంధుడు. గీతను చూసిపెట్టింది ఆయన సహాయకుడు రిక్టర్. ఈనాడు లోకంలో దాదాపు ప్రతి రంగుల తెరా ఆ లోహం దయ మీద వెలుగుతోంది. ఈ తమాషాను చెప్పకుండా దాటలేకపోయాను.

కడిగిన గాజును వ్యాక్యూమ్ ఛాంబర్‌లో తలకిందులుగా బిగిస్తారు. దాని కింద సన్నని రేకు మూస, ఎక్కడ పూత పడాలో అక్కడే పడేందుకు. అడుగున లోహపు రేకుతో చేసిన చిన్న గిన్నెలు, బోట్ అంటారు, వాటిలో పొడి. పంపులు గంటలకొద్దీ నడిచి లోపలి ఒత్తిడిని బయటి గాలిలో సుమారు వంద కోట్లో వంతుకు దించుతాయి. ఆ శూన్యంలో ఒక అణువు బయల్దేరితే ఇంకో అణువుకు తగలకుండా పదుల మీటర్లు పోగలదు. ఛాంబర్ ఎత్తు ఒక మీటరు కూడా ఉండదు. కాబట్టి గిన్నెలోంచి లేచిన అణువు దారిలో ఎవరినీ పలకరించకుండా నేరుగా గాజును చేరుతుంది.

బోట్‌కు కరెంటు ఇచ్చి మెల్లగా వేడి చేస్తారు. తొందరపడితే పొడి చిటపటలాడి ఎగిరి గాజు మీద గడ్డలు కడుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక అంకె కదులుతూ ఉంటుంది. ఛాంబర్‌లో గాజు పక్కనే ఒక క్వార్ట్‌జ్ స్ఫటికం సెకనుకు అరవై లక్షల సార్లు కంపిస్తూ ఉంటుంది. దాని మీద కూడా పూత పడుతుంది. పడిన కొద్దీ బరువెక్కి కంపనం నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదిని బట్టి మందం లెక్క కడతారు. సెకనుకు 2 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే నానోమీటరులో అయిదో వంతు. ఆ వేగంతో 60 నానోమీటర్ల పొరకు 5 నిమిషాలు. కంటికి ఏమీ కనిపించదు. అంకె మాత్రం పెరుగుతుంది. 60 రాగానే షట్టర్ మూస్తారు. కంటితో చూడలేనిదాన్ని బరువుతో చూడడం, అదీ నీ చేతిపనివాడి విద్య.

ఇల్లు అలకగానే పండగ కాదు. సేంద్రియ పొరలు పడ్డాక అసలు గండం మొదలవుతుంది. పైన కరెంటును మోసే రెండో పూత, అంటే రెండో ఎలక్ట్రోడ్ కావాలి, అదీ పారదర్శకమైనదే కావాలి. ముందు మెగ్నీషియం, కాస్త వెండి కలిపి పది నానోమీటర్ల అటూఇటూ పూస్తారు. అంత పలచనైతే లోహం కూడా వెలుగుకు దారి ఇస్తుంది. ఎలక్ట్రాన్లను లోపలికి పంపే పని మెగ్నీషియానిది, అది ఊడిపోకుండా అంటుకునేలా చూసే పని వెండిది. కానీ ఆ పలచన పూత కరెంటును సరిగా మోయలేదు. దాని మీద మళ్లీ ఇండియం టిన్ ఆక్సైడ్ వేయాలి.

ఈ ఆక్సైడ్‌ను గిన్నెలో ఆవిరి చేయడం అంత తేలిక కాదు. స్పట్టరింగ్ చేస్తారు. ఛాంబర్‌లోకి కొద్దిగా ఆర్గాన్ వాయువు వదిలి విద్యుత్తు పెడితే కిటికీలోంచి ఊదారంగు మెరుపు కనిపిస్తుంది, చూడ్డానికి ఎంతో ముచ్చటగా. ఆ ముచ్చట వెనక దెబ్బలాట. ఆర్గాన్ అయాన్లు ఆక్సైడ్ దిమ్మను బాదుతాయి. దానిలోంచి ఊడిన అణువులు, ఆవిరై వచ్చే అణువులకన్నా పదుల రెట్లు ఊపుతో వచ్చి నీ మీద పడతాయి. మామిడి పూత మీద వడగళ్లు పడ్డట్టే. ఎక్కడో ఒక బంధం తెగుతుంది, వెలుగు పుట్టాల్సిన చోట వేడి పుడుతుంది. పోనీ వేడి చేసి పూతను చక్కబరుద్దామా అంటే అదీ కుదరదు. కింది గాజు మీది ఆక్సైడ్‌ను కాల్చి మెరుగు పెట్టొచ్చు. పైదాన్ని పెట్టలేం. తొలినాళ్లలో రంధ్రాలను నడిపించే పొర అరవై డిగ్రీలు దాటితేనే గడ్డకట్టి పాడయ్యేది. అందుకే పై ఆక్సైడ్‌ను తక్కువ పవర్‌లో, గది వేడిమిలో, నెమ్మదిగా దింపుతారు. మెరుగు తగ్గినా సరే, కింద ఉన్నవి బతకాలి.

1998లో అదే ప్రిన్స్‌టన్ బృందం ఆ లోహపు పూతను కూడా తీసేసింది. దాని బదులు కాపర్ థాలోసయనిన్ పొర వేసింది. అచ్చు ప్రెస్సుల్లో నీలి సిరాకు రంగునిచ్చేది ఈ కుటుంబమే. ఆ నీలి పొర పైనుంచి వచ్చే దెబ్బలను తాను ఓర్చుకుని, కిందికి పోనివ్వలేదు. ఆశ్చర్యమేమంటే, ఆ దెబ్బల వల్ల దానిలో కలిగిన మార్పే ఎలక్ట్రాన్లు లోపలికి దిగడానికి తోవైంది. దీపం పారదర్శకత 85 శాతానికి చేరింది. హాలాహలాన్ని గొంతులో ఆపి లోకాన్ని కాపాడిన నీలకంఠుడి కథ విన్న మనకు ఈ పొర కొత్తది కాదు. పుట్టినచోటు మాత్రం న్యూజెర్సీ.

తయారైన నిన్ను గాలికి చూపించకూడదు. నైట్రోజన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లోకి జరుపుతారు, అందులో తేమ, ఆక్సిజన్ పది లక్షల్లో ఒక వంతుకు మించకూడదు. రబ్బరు చేతొడుగుల్లో చేతులు దూర్చి, ఇంకో గాజు మూతపెట్టి అంచుల వెంట జిగురుతో మూసేస్తారు. సూదిమొన రంధ్రం ఒకటి ఉన్నా తేమ దూరి లోహపు అంచును తినేస్తుంది. వెలిగే పలక మీద నల్ల చుక్కలు లేచి రోజురోజుకీ గుండ్రంగా పెరుగుతాయి. మామూలు ఓఎల్‌ఈడీలకు వెనక వైపు తేమ పీల్చే బిళ్ల దాచిపెట్టొచ్చు. నీకు వెనక వైపే లేదు కదా, దాచేదెక్కడ? అంచులే గతి. అడ్డురాకూడదనే నీ నియమానికి అడుగడుగునా నువ్వే మూల్యం చెల్లిస్తున్నావు.

ఆ మూల్యానికి ఫలితమే దొంతర. నీలోంచి వెలుగు పోతుంది కనుక నీ మీద ఇంకొకర్ని కూర్చోబెట్టొచ్చు, వారి మీద ఇంకొకర్ని. 1997లో ప్రిన్స్‌టన్ వాళ్లే ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలను ఒకదాని మీద ఒకటి కట్టి, మధ్యలో పారదర్శక ఎలక్ట్రోడ్లు పెట్టి, ఏ రంగుకా రంగును విడివిడిగా నడిపించారు. మామూలు తెరలో ఆ మూడు రంగులూ పక్కపక్కన బియ్యపు నూకల్లా ఉంటాయి, దూరం నుంచి చూస్తే కలుస్తాయి. నీ దొంతరలో ఒకే చోట నిలబడి ఏ రంగు కావాలంటే ఆ రంగు. మూడు గింజలు పట్టే చోటులో ఒక్క గింజే, అయినా అన్ని రంగులూ. దీని జాతకం కోడక్‌లోనే, 1935లోనే ఉందనిపిస్తుంది. ఆ ఏడాది వచ్చిన కోడాక్రోమ్ ఫిల్మ్‌లో మూడు రంగులను పట్టే మూడు పొరలు ఒకదాని మీద ఒకటి ఉండేవి. దాన్ని రూపొందించిన మానెస్, గొడొస్కీ ఇద్దరూ సంగీతకారులు. ఫిల్మ్ దొంతర వెలుగును పుచ్చుకుంది. నీ దొంతర వెలుగును ఇచ్చింది.

దొంతరలో మర్యాదలు పాటించాలి. నీ వెలుగును నువ్వు ముట్టవు గానీ, పొరుగువాడి వెలుగు మీద అంత నిగ్రహం లేదు. ఎర్ర రంగు నీలి వెలుగును ఇట్టే మింగేస్తుంది. కాబట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస తప్పితే రంగులు తప్పుతాయి. ప్రతి సరిహద్దు దగ్గరా కొంత వెలుగు వెనక్కి తిరిగి తన ప్రతిబింబంతోనే తగువు పడుతుంది. పక్కకు జరిగి చూస్తే రంగు మారుతుంది. పొర మందాలు ఆ తగువు తీర్చేలా లెక్కకట్టి వేయాలి. పైగా నీలం అల్పాయుష్కురాలు. నీలి వెలుగుకు కావాల్సిన శక్తి ఎక్కువ, ఆ శక్తికి తన అణువే తెగిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఎందరో రసాయన శాస్త్రజ్ఞులు దాని ఆయుష్షు కోసం కూర్చున్నారు.

నిజం చెప్పాలంటే, విడివిడిగా నడిచే ఆ మూడు రంగుల దొంతర బజారును గెలవలేదు. ప్రతి చుక్కకూ అన్ని తీగలు తగిలించడం తలకు మించిన పని. గెలిచింది దాని చెల్లెలు. మధ్యలో తీగల్లేకుండా, ఒకే కరెంటు రెండు మూడు దీపాలను వరసగా దాటేలా జపాన్‌లోని యమగాతా విశ్వవిద్యాలయానికి చెందిన జుంజి కిడో, ఆయన తోటివాళ్లు 2003లో చూపించారు. ఒకే ఎలక్ట్రాన్ లెక్కకు రెండుసార్లు వెలుగు. అదే కాంతికి సగం కరెంటు చాలు, కనుక పొరలు నెమ్మదిగా ముసలివవుతాయి. ఓఎల్‌ఈడీ టీవీల్లో ఇప్పుడు ఈ దొంతరే ఉంది. 2024లో ఆపిల్ ఐప్యాడ్ ప్రోలో రెండంతస్తుల ఓఎల్‌ఈడీ వచ్చింది. కోడక్ మాత్రం తన ఓఎల్‌ఈడీ వ్యాపారాన్ని 2009లో ఎల్‌జీకి అమ్మేసి, 2012లో దివాలా పిటిషన్ వేసింది. పుట్టించినవాళ్లకు నిన్ను పెంచే యోగం దక్కలేదు.

నిన్ను కొన్న ఆ ఎల్‌జీయే 2024 జనవరిలో లాస్‌వేగాస్‌లో 77 అంగుళాల పారదర్శక టీవీని చూపించింది. బొమ్మ గాల్లో తేలినట్టుంటుంది, వెనక గది కనిపిస్తూ ఉంటుంది. నీ నిజాయితీ అక్కడ చిక్కు తెచ్చింది. ఓఎల్‌ఈడీకి నలుపు అంటే వెలగకపోవడమే, నువ్వు వెలగకపోతే వెనకున్నది కనిపిస్తుంది. కనుక నువ్వు నలుపును చూపించలేవు. అందుకని ఆ టీవీ కింది పెట్టెలో ఒక నల్ల తెర చుట్టిపెట్టారు. మీట నొక్కితే అది పైకి లేచి నీ వెనక గోడై నిలుస్తుంది. రోచెస్టర్‌లో లోహపు గోడతో మొదలై, ప్రిన్స్‌టన్‌లో దాన్ని పోగొట్టుకోవడానికి అన్ని తంటాలు పడి, చివరికి మళ్లీ ఒక గోడ.

అంత ఖరీదు పెట్టి ఆ టీవీ కొనగలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక మనవి. ఆ నల్ల తెరను పెట్టెలోనే ఉండనివ్వండి. నలుపు కావాలంటే సగం గోడ నిండా మామూలు టీవీ ఇప్పటికే ఉంది, దానికి ఇంత విద్య అక్కర్లేదు.